ట్రంకు పెట్టెలో దొరికిన పాత పట్టు పూజావస్త్రాలు, ఏటి చేయమంటారు?

టెక్కలి కుర్రోడు:

అందరికీ నమస్తే. మాది టెక్కలి అవతల ఒక పల్లె. మా విచారణ (పారిష్) గుడిలో సాక్రిస్టీ పనులు నేనూ ఇంకో ఇద్దరు కుర్రాళ్ళూ చూసుకుంటాం, పువ్వులు, కొవ్వొత్తులు, ఫాదర్ గారి తెల్లంగీలు ఉతికి ఇస్త్రీ చేయడం, అలాటివి. డిసెంబర్లో గుడి పండగ ఉంది కదా అని పాత బంగ్లాలో గది ఖాళీ చేస్తంటే మంచం కింద రేకు ట్రంకు ఒకటి దొరికింది. తాళం తుప్పు పట్టీసింది, సుత్తితో కొట్టి తీసేం. పైన దుప్పటి, దాని కింద పూజావస్త్రాలు, రెండు సెట్లు.

ఇప్పుడు ఫాదర్లు వేసుకునే వెడల్పాటి చాజుబుల్ (పూజలో అన్నిటికీ పైన వేసుకునే వస్త్రం) లాగ లేవు ఇవి. చేతులు బయటికొచ్చేలాగ రెండు పక్కలా కోసేసి ఉన్నాయి, అట్ట లాగ బిర్రుగా ఉన్నాయి, ఎత్తితే బరువు. ఒకటి మీగడ రంగు పట్టు, వీపు మీద పెద్ద సిలువ, సిలువ మధ్యలో ఒక పక్షి, రెక్కలు విప్పి తల వంచి తన గుండెనే పొడుచుకుంటోంది, కింద గూట్లో మూడు పిల్లలు నోరు తెరిచి ఉన్నాయి. రక్తం చుక్కలకి ఎర్ర పూసలు. అన్నీ కలిపి ఏడు పూసలు ఉండాలి, దారాలు కనిపిస్తన్నాయి, పూసలు మాత్రం నాలుగే మిగిలాయి. చుట్టూ గోధుమ కంకులూ ద్రాక్ష తీగలూ. రెండోది నలుపు, దానిమీద తెల్ల జరీ సిలువ, ఆ జరీ ఇప్పుడు ఇంచుమించు గుడ్డ రంగుకే వచ్చీసింది.

సమస్య ఏటంటే మీగడ రంగుది నిలువునా చీలికలు చీలికలుగా విడిపోతోంది, బ్లేడుతో గీసినట్టు. వేలు పెడితే పొడి రాలుతోంది. 2018లో తిత్లీ తుఫానుకి బంగ్లా రేకులు లేచిపోయినప్పుడు నీళ్ళు దిగినట్టున్నాయి, కింద అంచున టీ మరక లాగ చార కూడా ఉంది.

కమిటీలో తలో మాటా అంటన్నారు. పెద్దాయన ఒకాయన ఆశీర్వదించిన వస్తువు పాతదైపోతే గౌరవంగా కాల్చేసి బూడిద పాతిపెట్టాల, మన పద్ధతి అదే అంటారు. ఇంకొకాయన జరీ బానే ఉంది కదా, కత్తిరించి కొత్త గుడ్డకి కుట్టించీద్దాం, పండగ పూజకి ఫాదర్ గారు వేసుకుంటారు అంటారు. వీధిలోకి పాత పట్టుచీరలు కొంటామని వస్తారే, వాళ్ళకి తూకానికి ఇచ్చీమన్న వాళ్ళు కూడా ఉన్నారు, ఆ మాట వినగానే నాకు కడుపులో దేవినట్టయింది. నలుపుది ఇంట్లో ఉంటేనే అరిష్టం అని కొందరు ఆడవాళ్ళు భయపడతన్నారు. ఫాదర్ గారు నెలాఖరు లోపు ఏదో ఒకటి తేల్చి చెప్పమన్నారు. డ్రై క్లీనింగుకి ఇస్తే ఆగుతుందా? ఇంకోటి, సెట్టులో నాలుగు వేళ్ళ వెడల్పు పొట్టి స్టోలు (ఫాదర్లు మెడలో వేసుకునే పొడుగు పట్టీ) లాంటిది ఉంది, సగం విరిగిపోయిన స్టోలా అది? చదరంగా ఫైలు కవరు లాంటిది కూడా ఉంది, అట్టకి పట్టు అంటించి, ఒక పక్క తెరుచుకుంటుంది. ఇవేటో తెలిసినవాళ్ళు చెప్పండి, ఫోటోలు పెట్టేను.

రిటైర్డ్ ఉపదేశి:

బాబూ, ఆ పొట్టిది విరిగిన స్టోలు కాదు, దాని పేరు మానిపుల్. ఎడమ ముంజేతికి కట్టుకునేవారు, మధ్యలో లోపలి వైపు టేపో గుండీయో ఉంటుంది చూడు. 1967లో అది తప్పనిసరి కాదని రోమ్ నుంచి చెప్పేరు, తరవాత కనిపించడం మానేసింది. నేను బలిపీఠం దగ్గర కుర్రాడిగా సేవ చేసినప్పుడు మా ఫాదర్ గారు కట్టుకోవడం చూసేను, కట్టుకునే ముందు దాన్ని ముద్దు పెట్టుకునేవారు. ఫైలు కవరు అన్నది బుర్స్. పూజలో ద్రాక్షరసం పోసే గిన్నె కింద పరిచే తెల్ల గుడ్డ ఉంటుంది కదా, కార్పొరల్, దాన్ని మడతపెట్టి అందులో ఉంచి గిన్నె మీద పెట్టుకుని వచ్చేవారు. ఇంకో చదరపు పట్టు గుడ్డ ఉండాలి, గిన్నె మీద ముసుగు. దుప్పటి మడతల్లో వెతుకు, అది దొరికితే సెట్టు పూర్తి అయినట్టే.

బొమ్మంతా వీపు మీదే ఎందుకుందో మీ కుర్రాళ్ళకి చెప్పు. రెండో వాటికన్ మహాసభ, అంటే 1962 నుంచి 1965, దానికి ముందు గురువు బలిపీఠం వైపు తిరిగి పూజ చేసేవారు, జనానికి కనిపించేది వీపే. పూజ లాటిన్లో, సగం గొంతులో. మా అమ్మ లాంటి అక్షరం రాని వాళ్ళకి ఆ వీపే పుస్తకం. పెలికాన్ తన రొమ్ము చీల్చుకుని పిల్లలకి రక్తం తాగిస్తుందని పూర్వం నమ్మేవారు, క్రీస్తు ప్రభువు తన రక్తాన్ని మనకిచ్చేరు కదా, అందుకే ఆ పక్షి, అందుకే గోధుమలూ ద్రాక్షలూ. పక్కలు కోసేయడం కూడా ఊరికే కాదు, అంత జరీ పనితో గుడ్డ అట్టలాగ అయిపోతే గురువు అప్పం, అంటే పూజలో రొట్టె, పైకెత్తడానికి చేతులు లేవాలి కదా. అయినా బరువే. అప్పం ఎత్తేటప్పుడు వెనక మోకాళ్ళ మీద ఉన్న మేము ఆ అంచు పట్టుకుని కొంచెం పైకెత్తేవాళ్ళం. ఆ అంచు చేతికి గరుకుగా తగిలేది. మీ ఫోటో చూస్తే ఇప్పటికీ అరచేతిలో తెలుస్తోంది నాకు.

నలుపు గురించి భయం వద్దని మీ ఆడవాళ్ళకి గట్టిగా చెప్పు. చనిపోయిన వాళ్ళ కోసం చేసే పూజకి, నవంబర్ 2 సకల మృతుల రోజుకి నల్ల వస్త్రం వేసేవారు. మీ ఊళ్ళో ఎంతమంది తాతముత్తాతల శవపేటిక ముందు ఆ వస్త్రం నిలబడిందో. దాన్ని అరిష్టం అంటే వాళ్ళని అన్నట్టే.

అమ్మడం మాత్రం తలపెట్టకండి. 1983 నాటి కతోలిక ధర్మశాస్త్రంలో 1171వ నిబంధన పూజకి ఆశీర్వదించిన వస్తువుల్ని గౌరవంగా చూడాలనీ లౌకిక పనులకి వాడకూడదనీ చెప్తుంది. కళగానో చరిత్రగానో విలువైన ఆస్తి చేతులు మార్చాలంటే 1292 ప్రకారం రోమ్ అనుమతి కావాలి. వీధిలో తక్కెడ పట్టుకొచ్చినవాడు ఏం చేస్తాడు, కాల్చి వెండి తీసుకుంటాడు, అంతే. అరిగి పనికిరాకుండా పోయినవి కాల్చడం మన ఆచారంలో ఉన్నదే, మీ పెద్దాయన తప్పు చెప్పలేదు. ఇది పనికిరాకుండా పోయిందా అన్నదే ప్రశ్న.

మగ్గం మాస్టారు, విజయనగరం:

ఫోటోలు పెద్దవి చేసి రెండు గంటలు చూసేను, షాపులో పెళ్ళి బ్లౌజులు పక్కన పెట్టేసి మరీ. తమ్ముడూ ఇది మామూలు పని కాదు. నేను ఇరవై ఏళ్ళుగా మగ్గం మీద ఉన్నాను, నా చేతి కింద ఎనిమిది మంది పని చేస్తారు, ఆ రెక్క ఒక్కటి చేయాలంటే మాకు నెల పైనే పడుతుంది.

ఆ రెక్కలో జరీ గుడ్డలోంచి పైకీ కిందకీ వెళ్ళలేదు, చూసేరా? జరీని గుడ్డ మీద పడుకోబెట్టి, పైనుంచి సన్న పట్టు దారంతో అడ్డంగా టాకా వేసి పట్టేరు. మందం జరీని గుడ్డలోంచి లాగితే పై రేకు ఊడిపోద్ది, అందుకని. ఆ టాకాలు ఒక వరసలో ఉన్నచోట కింది వరసలో మధ్యలోకి వస్తాయి, ఇటుకలు పేర్చినట్టు. ఈక అంచుకి వచ్చేసరికి పసుపు దారం బదులు గోధుమ రంగు దారంతో టాకాలు దగ్గర దగ్గరగా వేసేరు, దాంతో బంగారం మీద నీడ పడినట్టు వచ్చింది. రంగు వెయ్యకుండా బంగారానికి నీడ తెచ్చేరండి, దండం పెట్టాల ఆ చేతికి. గోధుమ గింజలు ఉబ్బెత్తుగా ఉన్నాయి కదా, దాని కింద నూలు తాడో అట్టముక్కో పెట్టి పైన స్ప్రింగు లాంటి జర్దోసీ ముక్కలు కోసి పూసల్లాగ ఎక్కించేరు. ఇది మా పనే, మేమూ అలాగే చేస్తాం.

ఇంకొకటి కనిపెట్టేను. మూడో పిల్ల, కుడి చివరది, మిగతా రెండింటి చెయ్యి కాదు. దానికి పడుకోబెట్టిన జరీ లేదు, పసుపు పట్టుదారంతో గొలుసు కుట్టు. ఎప్పుడో ఊడిపోతే ఇక్కడివాళ్ళే ఎవరో ఆరీ సూదితో, అంటే కొక్కెం సూదితో, మళ్ళీ కుట్టినట్టుంది.

నా సలహా అయితే ఎక్కించీడమే. గుడ్డ చచ్చిపోయింది, పని బతికి ఉంది. పాత చీర అంచు విప్పి కొత్త చీరకి వేయించుకోరా మన ఇళ్ళల్లో? మా అమ్మమ్మ పెళ్ళి చీర జరీ అంచు ఇప్పటికి మూడో చీర మీద ఉంది. బొమ్మ చుట్టూ అర అంగుళం గుడ్డ వదిలి కోసి, వెనక నూలు గుడ్డ ఆసరా పెట్టి కొత్త పట్టుకి టాకా వేస్తే ఇంకో యాభై ఏళ్ళు పూజలో ఉంటుంది. దేవుడి కోసం కుట్టింది పెట్టెలో ఎందుకు? కూలి వద్దు, తెస్తే నేనే చేసిపెడతాను.

సిక్కోలు ఆడపడుచు:

మాస్టారూ, మీరు కుట్టు చదివిన తీరుకి నమస్కారం, మ్యూజియంలో మాకు భూతద్దం ఇచ్చి నేర్పించింది మీరు ఫోటోలో చూసేసేరు. నేను పదకొండేళ్ళు పాత బట్టల పరిరక్షణ పనిలో ఉన్నాను, పుట్టిల్లు శ్రీకాకుళమే. ఎక్కించే విషయంలో మాత్రం నేను ఒప్పుకోను, ఎందుకో చెప్తాను.

తమ్ముడూ, ఆ నిలువు చీలికలు వయసు వల్ల అనుకుంటున్నావు. ఒక్క వయసే అయితే అలా చీలదు. ఇంగ్లండులో డరమ్ అనే ఊళ్ళో కథ్‌బర్ట్ అనే పునీతుడి శవపేటికలో ఒక స్టోలూ మానిపులూ దొరికేయి, 1827లో తెరిచేరు. వాటిమీద కుట్టిన అక్షరాల్ని బట్టి 909కీ 916కీ మధ్య రాణి ఎల్ఫ్‌ఫ్లేడ్ ఒక బిషప్ కోసం చేయించినవి. పదకొండు వందల ఏళ్ళ జరీ పని, ఇప్పటికీ మొహాలూ కళ్ళూ కనిపిస్తాయి. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో సయన్ కోప్ (గురువు భుజాల మీంచి కప్పుకునే పొడుగు వస్త్రం) ఉంది, 1300 తరవాత ఇరవై ఏళ్ళ లోపుది. మరి మీ నూరేళ్ళ పట్టు ఎందుకు పొడైపోతోంది?

పట్టు దారానికి సహజంగా జిగురు ఉంటుంది, దాన్ని ఉడకబెట్టి తీస్తే బరువులో ఇంచుమించు పావు వంతు పోతుంది. పట్టు అమ్మేది తూకానికి. పోయిన బరువు పూడ్చడానికి 19వ శతాబ్దం చివర్లో యూరప్ మిల్లులు తగరం లవణాల నీళ్ళల్లో పట్టుని ముంచేవి. కొత్తలో బరువుగా, గరగరలాడుతూ ఎంతో ఖరీదుగా కనిపిస్తుంది, ఆ లోహమే లోపల్నుంచి దారాన్ని తినేస్తుంది, వెలుతురు తగిలితే మరీ తొందరగా. నీ ఫోటోలో చీలిక అచ్చంగా అదే. నల్లదానికి ఇంకో జబ్బు, నలుపు అద్దకంలో వాడే ఇనుము కూడా పట్టుని పెళుసు చేస్తుంది. అది పైకి బాగున్నట్టు ఉంటుంది, దాన్ని ఇంకా జాగ్రత్తగా ముట్టుకో.

ఇప్పుడు మాస్టారు చెప్పింది. యూరప్‌లో కూడా వందల ఏళ్ళు అలాగే బొమ్మలు కోసి కొత్త గుడ్డకి వేసేవారు, కొత్త ఆలోచన కాదు. ఒక్కసారి కత్తెర పడితే మాత్రం ఆ వస్త్రం ఏ కొలతకి కోసేరో, అస్తరు ఏటో, లోపల ఎవరు ఏం మరమ్మతు చేసేరో అంతా పోతుంది. చీర అంచు వేరు, మీ అమ్మమ్మ చీర లాంటివి ఆ కాలంలో ఊరికి వంద ఉండేవి. ఇది మన జిల్లాలో ఎన్ని మిగిలేయి? 1846లో ఇప్పటి ఫ్రాన్సులో ఉన్న సవాయ్ ప్రాంతం ఆనెసీ నుంచి ఫ్రాన్సిస్ డి సాలెస్ సభ గురువులు విశాఖపట్నం దిగేరు, 1849లో ఆ ఆనెసీ ఊరి సెయింట్ జోసెఫ్ సిస్టర్లే వచ్చేరు. మన వైపు పాత గుళ్ళల్లో ఇలాటి వస్త్రాలు వాళ్ళ వెంటా, వాళ్ళ తరవాతి వాళ్ళ వెంటా వచ్చినవే చాలామటుకు. చెదలూ తుఫానులూ పోగా ఏవో కొన్ని. ఉన్నదాన్ని అలాగే ఉంచి, మాస్టారు దాన్ని చూసి కొత్తది కుట్టాలి. ఆయన చేతికి ఆ సత్తా ఉంది.

డ్రై క్లీనింగ్ మాట ఎత్తకు. మాకు తెలిసిన ఒక కాన్వెంటు వాళ్ళు ఒక ఊళ్ళో షాపుకి పాత కోప్ ఇచ్చేరు. తిరిగొచ్చేసరికి జరీ కింద అట్టలు మెత్తబడి బొమ్మలు వంకర్లు పోయేయి, అస్తరు ఎరుపు తెల్ల పట్టులోకి దిగిపోయింది. ఆ సిస్టర్ గారు ఏడవడం నేను చూసేను. నీళ్ళూ వద్దు, ఇస్త్రీ వద్దు, జరీ నల్లబడిందని చింతపండూ పళ్ళపొడీ అసలే వద్దు, ఆ బంగారం పూత వెంట్రుకలో వందో వంతు కూడా ఉండదు, రుద్దితే కింద వెండి బయటపడి మళ్ళీ నల్లబడుతుంది.

నువ్వు చేయాల్సింది ఇది. వాన లేని రోజు చూసుకో, చేతులు కడిగి ఆరబెట్టుకుని, ఉంగరం గడియారం తీసేసి, బల్ల మీద ఉతికిన తెల్ల దుప్పటి పరిచి దానిమీద పెట్టు. పట్టుకుని ఎత్తకు, కింద అట్టో దుప్పటో దూర్చి ఇద్దరు కలిసి మొయ్యండి. ముందూ వెనకా లోపలా ఫోటోలు, పక్కన స్కేలు పెట్టి. రాలిన పూసలు, దారప్పోగులు ఏదీ పారెయ్యకు, కాగితం పొట్లం కట్టి ఎక్కడ దొరికిందో రాయి. దుమ్ముకి వాక్యూమ్ గొట్టం మూతికి దోమతెర ముక్క కట్టి, తక్కువ స్పీడులో, గుడ్డకి తగలకుండా పైనుంచి. చీలికలున్న చోట అది కూడా వద్దు.

తరవాత పడుకోబెట్టే దాచాలి. హ్యాంగరుకి తగిలిస్తే ఆ జరీ బరువంతా భుజం దగ్గర పట్టు మీద పడి తెగిపోద్ది. మడత పెట్టక తప్పకపోతే మడతలో గుడ్డ చుట్ట పెట్టు. చుట్టడానికి గంజి లేని, బాగా ఉతికిన నూలు గుడ్డ కావాలి, మన పొందూరు ఖాదీకి మించింది ఏముంది, పాత పంచె అయినా చాలు. పేపరు వద్దు, ప్లాస్టిక్ కవరు వద్దు, ప్లైవుడ్ బీరువాలో నేరుగా వద్దు. నాఫ్తలీన్ ఉండలు జరీకి తగలనివ్వకు. మన సముద్రపు గాలికి తేమ 65 శాతం దాటితే బూజే, అందుకని నేలకి ఎత్తుగా, బయటి గోడకి దూరంగా, మూడు నెలలకోసారి తెరిచి చూడాలి. చీలికల మీద సన్నటి పట్టు వల పరిచి కుట్టే పని ఉంటుంది, అది ఇంట్లో చేసేది కాదు. లక్నోలో కేంద్ర ప్రభుత్వ పరిరక్షణ ప్రయోగశాల ఉంది, హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ ల్యాబ్ ఉంది, ఫాదర్ గారి లెటర్‌హెడ్ మీద ఫోటోలతో రాయించు.

బొబ్బిలి బాప్టిస్టు:

మాది కెనడా మిషన్ వాళ్ళు పెట్టిన సంఘం, మా పాస్టరు గారు తెల్ల చొక్కా, కోటు, అంతే. చిన్నప్పట్నుంచీ ఈ జరీ బట్టలంటే ఆడంబరం అనే విన్నాను. ఉపదేశి గారు రాసింది చదివి ఆగిపోయేను, అక్షరం రాని వాళ్ళకి వీపే పుస్తకం అన్నది. మా నాయనమ్మకీ చదువు రాదు, గోడ మీద బైబిల్ బొమ్మల క్యాలెండరు చూపించి మాకు కథలు చెప్పేది. కొత్తది కుట్టిస్తే పట్టు ఖర్చులో కొంత నేనూ వేస్తాను, కాదనకండి.

మగ్గం మాస్టారు, విజయనగరం:

అమ్మా, తగరం సంగతి నాకు తెలీదు. పట్టు అలా ఎందుకు పగులుద్దా అని ఎన్నో పాత చీరలు చూసి అనుకున్నాను. కత్తెర మాట వెనక్కి తీసుకుంటన్నాను. ట్రేసింగ్ తీసుకోనివ్వండి చాలు, గుడ్డకి ఆనించకుండా ఫోటో నుంచే తీస్తాను. పండగకి అందదు, ముందే చెప్తన్నాను, ఈ పని తొందరకి వచ్చేది కాదు. కానీ దేవుడి పని పెట్టెలో ఉండిపోకూడదన్న మాట మీద మాత్రం ఉన్నాను, ఏడాదికి ఒక్కరోజైనా జనానికి చూపించండి.

సిక్కోలు ఆడపడుచు:

గుడి పండగ రోజు ఒక్కపూట, బల్ల మీద పడుకోబెట్టి, ఎండ పడని చోట, ఫ్లాష్ లేకుండా అయితే సరే మాస్టారూ. దీనికి నేనూ ఒప్పుకుంటాను.

టెక్కలి కుర్రోడు:

అందరికీ రుణపడి ఉంటాను. ఆదివారం పూజ తరవాత ఇదంతా ఫోన్లోంచి కమిటీకి చదివి వినిపించేను. కాల్చే మాట పోయింది, తూకం మాట అన్నాయన తలెత్తలేదు. ఫాదర్ గారు బిషప్ గారి మేత్రాసనానికి ఉత్తరం రాస్తానన్నారు. గిన్నె ముసుగు దొరికింది ఉపదేశి గారూ, మీరన్నట్టే దుప్పటి మడతలోనే. పూసలు కూడా రెండు దొరికేయి ట్రంకు మూలల్లో, పొట్లం కట్టేను, ఇంకోటి రాలేదు. పొందూరు గుడ్డ నాలుగు మీటర్లు తెచ్చి రెండుసార్లు ఉడకబెట్టి ఆరేసేం. అడుగున అట్ట పెట్టి నాలుగున్నర అడుగుల రేకు పెట్టె చేయిస్తన్నాం, లోపల గుడ్డ పరుస్తాం.

ఇంకో సంగతి, మాస్టారికి చెప్పాల. అస్తరు లోపల భుజం దగ్గర ఒక అతుకుంది, అది పట్టు కాదు, నూలు చీర ముక్క, నీలం గళ్ళది. ఆ ఫోటో మా వీధిలో ఎనభై దాటిన మామ్మకి చూపించేను, ఆవిడ చిన్నప్పుడు సిస్టర్ల దగ్గర కుట్టుకి వెళ్ళేది. చూపు సరిగా లేదు, ఫోను మొహానికి ఆనించి చాలాసేపు చూసింది. ఆరీ సూది ఏటో మాకు తెలీదురా, మామూలు సూదితోనే గొలుసు కుట్టు నేర్పేరు, అంది. పక్షినీ సిలువనీ ముట్టుకోనిచ్చేవారు కాదట, మొహాల పని సిస్టర్లదే, ఆడపిల్లలకి ఆకులూ తీగలూ ఇచ్చేవారట. మరి మూడో పిల్ల ఎవరు కుట్టేరు మామ్మా అంటే ఒక పేరు చెప్పింది, తనకన్నా పెద్ద పిల్లట, ఆ చేతికి మాత్రం సిస్టర్ గారు సూది ఇచ్చేవారట. చీర ముక్క ఎవరిదని అడిగితే నవ్వింది. రేపు పెట్టె తెరిచినప్పుడు నన్ను తీసుకెళ్ళు, కళ్ళతో కాదు, వేలితో తడిమితే చెప్తాను అంది. మేడమ్, ఒక్క అస్తరు మాత్రమే, చేతులు కడిగించి, ఒక్కసారి తడమనివ్వచ్చా?

సిక్కోలు ఆడపడుచు:

ఆ అతుకు నూలుదే కదా, తడమనివ్వు. మీగడ పట్టు వైపు చెయ్యి పోకుండా నువ్వు మణికట్టు పట్టుకుని ఉండు. ఆవిడ చెప్పే పేర్లన్నీ రాసుకో.